ముగ్గురాటలో ఇద్దరు బావలు

సంధ్యారాణి బొగ్గుబాయి ల్యాంపు రూములో పని చేస్తుంది. దిగేవాళ్లకు టోపీ లైటు చేతికివ్వడం, పైకి వచ్చాక దాన్ని తీసుకుని చార్జింగుకు పెట్టడం ఆమె డ్యూటీ. అది ఎనిమిది గంటల పని. మిగతా టైమంతా మొగుడికీ అన్నకూ మధ్య కబుర్లు మోయడంతోనే సరిపోతుంది. జీతం మాత్రం మొదటిదానికే వస్తుంది.

మొగుడు భూపాల్ ఓపెన్‌కాస్టు గనిలో షావెల్ ఆపరేటరు. అన్న ఉపేందర్ అక్కడే డంపర్ నడుపుతాడు. భూపాల్ తవ్వి పోస్తే ఉపేందర్ మోసుకుపోవాలి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లే. చెడింది రెండేళ్ల కింద, ఒక్క అక్షరం దగ్గర.

ఉపేందర్ సొంతిల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం కార్డు మీద బంధుమిత్రుల వరసలో అందరికంటే పైన బావ పేరే వేయించాడు. అచ్చయి వచ్చిన కార్డులో భూపాల్ కాస్తా గోపాల్ అయి కూర్చున్నాడు.

"ఒక్క అక్షరమే కద బావా, గింత దానికి లొల్లి ఎందుకు?" అన్నాడు ఉపేందర్.

"ఒక్క అక్షరమేనా? నీ పేర్ల ఒక్క అక్షరం తీసి పిలుస్త, పలుకుతవా?" అన్నాడు భూపాల్.

తప్పు ప్రెస్సువాడిదని ఉపేందర్ వాదించాడు. ప్రెస్సువాడు ప్రూఫు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కింద 'అంతా కరెక్టు' అని రాసి ఉపేందర్ పెట్టిన సంతకం ఉంది. భూపాల్ గృహప్రవేశానికి పోలేదు. "ఆ గోపాల్ ఎవడో ఆయననే పిలిచి కూసోబెట్టుకొమ్మను" అని పెళ్లాంతో కబురు పంపాడు. అక్కడ మొదలైంది కబుర్ల మోత. ఆ రోజు నుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. డ్యూటీలో మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. హారన్ ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే పో. రెండేళ్లుగా వాళ్లిద్దరి మాటలన్నీ ఆ రెండు ముక్కలే.

ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క అలవాటు, లక్ష్మీనగర్‌లో సాబిర్ గేమ్ షాపు. పొద్దుటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం ఐదుకల్లా ఇద్దరూ అక్కడే ఉంటారు. చెరొక మూల కూర్చుని, తెర మీద మనుషులను తన్నించి, ఏడింటికి ఇళ్లకు పోతారు. అక్కడ అందరూ ఆడేది ఒకటే ఆట. దాని డబ్బా మీద జపాన్ అక్షరాలుండటం వల్ల పేరు ఎవరికీ నోరు తిరగక, ముగ్గురు ముగ్గురు జట్లుగా కొట్టుకుంటారు కాబట్టి 'ముగ్గురాట' అని పెట్టుకున్నారు.

ఏప్రిల్ చివరిలో ఒక సాయంత్రం సంధ్యారాణి చారుకు పోపు పెడుతుంటే ఫోన్ మోగింది. భూపాల్.

"మీ అన్న నా కుర్చీల కూసున్నడు. లేవమని చెప్పు."

"ఎక్కడున్నడు?"

"నా పక్కన్నే."

ఆమె అన్నకు ఫోన్ చేసింది. "ఆ కుర్చీ మీద ఏమన్న పేరు రాసున్నదా అని అడుగు మీ ఆయన్ని. రాసుంటే, సరిగ్గ రాసిండ్రా లేదా చూసుకొమ్మను" అన్నాడు ఉపేందర్. ఆ మాట భూపాల్‌కు ఫోన్లో అందేలోపే పక్క కుర్చీలోంచి నేరుగా వినిపించే ఉంటుంది. అయినా పద్ధతి ప్రకారం ఆమె చెప్పాలి. చెప్పబోయేసరికి చారు పొంగింది, పొయ్యి ఆరింది.

సంధ్యారాణి కొంగు దోపి, స్కూటీ తీసి, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ నుంచి లక్ష్మీనగర్‌కు పది నిమిషాల్లో చేరింది. ఇద్దరినీ నలుగురిలో కడిగేద్దామని వచ్చింది. షాపు గుమ్మం దగ్గర అంటించిన కాగితం చూసి ఆగిపోయింది.

'ఇంటి కప్పు. ఒకే చుట్టరికంలోని ముగ్గురు ఒక జట్టు. ఒక ఆడమనిషి తప్పనిసరి. మొదటి బహుమతి పెద్ద కూలర్.'

"ఇంటి కప్పేంది సాబిర్ తమ్మీ?" అంది.

"కప్పు అక్కా, కప్పు. గెలిస్తే ఇచ్చే కప్పు." సాబిర్ తల పట్టుకున్నాడు. "పొద్దున ఒక మేస్త్రీ వచ్చి రేకులా స్లాబా అని అడిగి పోయిండు. ప్రతిసారి గా ముగ్గురు దోస్తులే గెలుస్తున్నరని ఈసారి ఇంటోళ్లే ఆడాలని పెట్టిన."

"ఎట్ల ఆడాలె?"

సాబిర్ ఆమెను తెర ముందు కూర్చోబెట్టి చూపించాడు. "ఒక్కరే లోపల కొట్లాడతరు. ఇద్దరు బయట నిలబడతరు. బయటున్నోనికి పోయిన పానం మెల్లగ మల్లొస్తది. లోపలోడు దెబ్బలు తిని అలిసిపోతే బయటోడు రావాలె. గానీ మారాలంటే ఇద్దరూ ఒక్కసారే పచ్చ బటన్ నొక్కాలె. ఒక్కరు నొక్కితే పని కాదు."

"ఈ పసుపు గీత?"

"అది ముగ్గురిది. నిండితే పెద్ద దెబ్బ కొట్టొచ్చు. ఒకడు వాడేసుకుంటే మిగతా ఇద్దరికి సున్నా."

"మా ఇంట్ల వేణ్నీళ్ల లెక్క." ఆమెకు వెంటనే అర్థమైంది. "పైన తొంభై తొమ్మిది?"

"టైం అక్కా. అది సున్నా అయితే లోపలున్న ఇద్దర్ల ఎవరికి పానం ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు."

సంధ్యారాణి కాసేపు తెర వైపే చూసింది. "ఇద్దరు ఒక్కసారే నొక్కాలంటే ముందుగాల మాట్లాడుకోవాలె కద?"

"మాట్లాడుకోవాలె మరి."

"పేర్లు రాసుకో."

రిజిస్టరు సాబిర్ భార్య షిరీన్ దగ్గర ఉంది. ఆమె బళ్లో లెక్కల టీచరు. ఆటకు రిఫరీ కూడా ఆమే. సంధ్యారాణి తన పేరుతో పాటు మొగుడి పేరు, అన్న పేరు రాయించి, అప్పుడు లోపలికి పోయి ఇద్దరి మధ్య నిలబడి విషయం చెప్పింది.

"నేనాడ" అన్నాడు భూపాల్ తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"ఆయన ఆడకుంటే నేనాడత" అన్నాడు ఉపేందర్.

"మంచిది. ఫక్రున్నీసా చాచీకి భయపడి ఇద్దరు పేర్లు తీయించుకున్నరని రేపు ల్యాంపు రూముల చెప్త. మూడు షిఫ్టుల్ల ఆరేడు వందల మంది వస్తరు లైట్లకు."

ఫక్రున్నీసా అంటే వెల్డర్ ఖదీర్ తల్లి. అరవై మూడేళ్లు. లాక్‌డౌన్‌లో కొడుకు ఇంటికి తెచ్చిన ఆటపెట్టె ముందు ఊరికే కూర్చోవడం మొదలుపెట్టి, కొడుకునూ కోడల్నీ ఓడించి, తర్వాత వీధినంతా ఓడించింది. ముక్కు మీద చత్వారం అద్దాలు, ఒళ్లో తమలపాకుల డబ్బా. బటన్లు చూడకుండానే నొక్కుతుంది.

భూపాల్ లేచాడు. నేరుగా షిరీన్ దగ్గరికి పోయి రిజిస్టరు అడిగాడు. తన పేరు మీద వేలు పెట్టి, భ, దీర్ఘం, పాల్, అన్నీ ఉన్నాయని చూసుకున్నాడు. రెండోసారి కూడా చూసుకుని, "సరే" అన్నాడు.

ప్రాక్టీసు మరుసటి రోజే మొదలైంది. మూడు కుర్చీలు, మధ్యది సంధ్యారాణిది. భూపాల్ కొండంత పహిల్వానును ఎంచుకున్నాడు. వాడి దెబ్బ గట్టిదే కానీ చెయ్యి లేవడానికి తీరిక కావాలి. ఉపేందర్ రెండు కత్తుల సన్నటివాణ్ని తీసుకున్నాడు. వాడు గాలిలాగా తిరుగుతాడు, ఒక్క దెబ్బ తగిలితే సగం చస్తాడు. సంధ్యారాణి అన్ని బొమ్మలూ చూసి గరిటె పట్టుకున్న వంటవాణ్ని ఎంచుకుంది. ఎందుకంటే వాడి రెండో చేతిలో పెద్ద గిన్నె మూత ఉంది.

"వంటోడు ఏం కొడతడే?" అన్నాడు భూపాల్.

"కొట్టకపోతే మాయె. మూత అడ్డం పెడతడు."

మొదటి ఆట నిమిషంలో ముగిసింది.

"సంధ్యా, మీ అన్నకు చెప్పు, పచ్చ బటన్ నొక్కమని."

"అన్నా, పచ్చ బటన్ నొక్కుమంటున్నడు."

"నేనెప్పుడో నొక్కిన. ఆయన నొక్కిండా అడుగు."

"ఏమయ్యా, నొక్కినవా?"

"ఆయన నొక్కినప్పుడు నొక్కిన."

అప్పటికి తెర మీద పహిల్వాను వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుంటున్నాడు. ఆ వారమంతా అంతే. కబురు వెళ్లి బదులు వచ్చేలోపు ఒకడు పడేవాడు, దాని మీద వాదన ఆమె ద్వారా జరిగేలోపు రెండోవాడు పడేవాడు. చివరికి వంటవాడు ఒక్కడే మూత అడ్డం పెట్టుకుని తొంభై తొమ్మిది లెక్కంతా నిలబడేవాడు. ఓడిపోయేవాడే కానీ పడేవాడు కాదు.

ఇంకో గొడవ పసుపు గీత మీద. అది నిండడం పాపం, ఉపేందర్ పెద్ద దెబ్బకు వాడేసేవాడు. సగంసార్లు ఆ దెబ్బ గాలికి పోయేది.

"నింపింది నేను, ఊడ్సింది మీ అన్న" అన్నాడు భూపాల్.

"నేను కొట్టకుంటే ఆయన చెయ్యి లేపేసరికి శనారం వస్తది, చెప్పు" అన్నాడు ఉపేందర్.

సంధ్యారాణికి ఓపిక చచ్చింది. రిమోటు ఒళ్లో పెట్టి, "ఇగ కబుర్లు బంద్. నా కుడి మోచెయ్యి తగిల్తే అన్న నొక్కాలె. ఎడమ మోచెయ్యి తగిల్తే నువ్వు నొక్కాలె. రెండు తగిల్తే ఇద్దరు. అరిస్తే పసుపు గీత వాడాలె. నేను అరవంది ముట్టుకుంటే, ఇంట్ల ఒకనికి, ఆ ఇంట్ల జమున వదినెకు చెప్పి ఇంకొకనికి, వారం దినాలు కూర బంద్" అంది. జమున ఉపేందర్ భార్య. నిజానికి ఆమె అప్పటికే ఒప్పుకుని ఉంది.

ఆ పద్ధతి పనిచేసింది. వంటవాడు మూత అడ్డం పెట్టి ఎదుటివాణ్ని విసిగిస్తాడు. మోచెయ్యి తగలగానే సన్నటివాడు దూకి పది దెబ్బలు వేస్తాడు. వాడికి రక్తం కారేలోపు రెండు మోచేతులూ పడతాయి, పహిల్వాను వస్తాడు. బావలిద్దరూ ఎదురుగా తెర వైపే చూస్తారు, ఒకరి వంక ఒకరు చూడరు, వేళ్లు మాత్రం ఒకే క్షణంలో పడతాయి. వెనక నిలబడి చూస్తున్న సాబిర్, "అరె వాహ్, ఇద్దరికి ఒకటే మెదడున్నట్టున్నది" అన్నాడు.

"ఆ ఒక్కటి మీ అన్నది కాకపోవచ్చు" అన్నాడు భూపాల్ పెళ్లాంతో.

కప్పు నాడు ఆదివారం. మే ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడింది. పదకొండు జట్లు వచ్చాయి. కూలర్‌ను బల్ల మీద పెట్టి, పోటీ అయ్యేదాకా వేయొద్దని సాబిర్ ప్లగ్గు తీసి జేబులో వేసుకున్నాడు. చెమటలు కారుతున్న యాభై మంది దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మొదట కమాన్‌పూర్ నుంచి వచ్చిన ఒక మంగలి షాపు యజమాని పోశం, అతని ఇద్దరు బిడ్డలు. ముగ్గురూ పాపం ఒకేసారి పచ్చ బటన్ నొక్కి, ఎవరు లోపలికి రావాలో తేలక తెర మీద వాళ్ల మనుషులు గుమ్మంలోనే గుద్దుకున్నారు. తర్వాత నస్పూర్ నుంచి ఒక మొగుడూ పెళ్లాం, అత్త. వాళ్లు బాగా ఆడారు కానీ అత్త మీదికి దెబ్బ వచ్చినప్పుడల్లా అల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. అతను నవ్వుతున్న ఒక క్షణంలో సంధ్యారాణి అరిచింది, ఉపేందర్ పెద్ద దెబ్బ వేశాడు, అయిపోయింది. అత్త తెర వైపు చూడటం మానేసి అల్లుడి వైపు తిరిగింది.

నాలుగింటికి ఫైనలు. ఎదురుగా ఫక్రున్నీసా, ఖదీర్, కోడలు తస్లీమా. ఫక్రున్నీసా సంధ్యారాణిని చూసి నవ్వి, "ఆవో బేటీ, ఖేలేంగే" అంది, పక్కింటికి పచ్చీసు ఆడటానికి పిలిచినట్టు. ఆమె ఎంచుకున్నది ఎలుగుబంటి.

మూడింట రెండు గెలవాలి. మొదటిది సంధ్యారాణి వాళ్లు గెలిచారు. రెండోది ఎలుగుబంటి గెలిచింది. పహిల్వాను చెయ్యి లేపడం, ఎలుగు వాడి చంక కింద నుంచి దూరి వెనక నుంచి పట్టి కొట్టడం, అదే మళ్లీ మళ్లీ జరిగింది. ఫక్రున్నీసా ఒక తమలపాకు నోట్లో వేసుకుంది.

మూడో ఆటలో ఖదీర్ మనిషి త్వరగానే పడ్డాడు. తస్లీమా మనిషి కూడా పడ్డాడు. మిగిలింది ఎలుగు. సంధ్యారాణి వంటవాణ్ని లోపలికి దింపి మూత అడ్డం పెట్టింది. అన్న పక్కటెముకల్లోకి మోచెయ్యి పొడుద్దామని ఒక్క క్షణం చేతులు కదిపింది. ఆ ఒక్క క్షణంలో ఎలుగు మూత లాగి, అదే మూతతో వంటవాడి నెత్తి మీద వేసింది. మూడు నెలలైనా పడడనుకున్న వంటవాడు పడిపోయాడు.

షిరీన్ ఈల వేసింది. "పడిపోయినోళ్లు రిమోటు పెట్టి నేల మీది గీత వెనక్కి రావాలె. నోరు మెదపొద్దు, చెయ్యి ఊపొద్దు."

సంధ్యారాణి లేచి వెనక్కి పోయింది. బావలిద్దరి మధ్య కుర్చీ ఖాళీగా ఉంది.

వంటవాడు పడగానే సన్నటివాడు లోపలికి వచ్చాడు. వాడికి పానం వేలెడంత మిగిలింది. బయట పహిల్వాను, సగం కోలుకుని సిద్ధంగా ఉన్నాడు. పైన అంకె నలభై. ఎలుగు మీదికి వస్తోంది.

"సంధ్యా, మీ ఆయనకు చెప్పు..." అని ఉపేందర్ ఖాళీ కుర్చీకి చెప్పాడు. కుర్చీ పలకలేదు.

"సంధ్యా, మీ అన్నను..." అని భూపాల్ కూడా మొదలుపెట్టాడు.

సంధ్యారాణి గీత వెనక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నవ్వా ఏడుపా ఆమెకే తెలియలేదు. ముప్పై నాలుగు. సన్నటివాడు ఎగిరి ఒక దెబ్బ తప్పించుకున్నాడు. ముప్పై రెండు. రెండోది తప్పించుకోలేకపోయాడు. పానం గోరంత అయింది.

"భూపాల్ బావా!" ఉపేందర్ గొంతు షాపంతా మోగింది. "భూపాల్! నొక్కు బావా!"

పేరు స్పష్టంగా, భకు ఒత్తూ దీర్ఘమూ ఏదీ తగ్గకుండా వచ్చింది. భూపాల్ ఉలిక్కిపడి పక్కకు చూశాడు. రెండేళ్లలో బావ ముఖం అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. చూస్తూనే నొక్కాడు. పహిల్వాను లోపలికి దూకాడు.

"కింది నుంచి వస్తది బావా, చెయ్యి లేపకు! కాలితోని తన్ను!"

"తన్నిన! నువ్వు తయారుండు బావా, అది వెనక్కి తిరిగిందంటే నువ్వే!"

"ఇప్పుడా?"

"ఇప్పుడే! నొక్కు!"

రెండేళ్లు మూసుకున్న నోళ్లు ఒక్కసారి తెరుచుకునేసరికి అంతా అటే చూశారు. సన్నటివాడు వస్తాడు, మూడు దెబ్బలు వేస్తాడు, పోతాడు. పహిల్వాను వస్తాడు, తొక్కుతాడు, పోతాడు. ఖదీర్ రూలు మరిచి గీత వెనక నుంచి తల్లికి ఏదో చెప్పబోతే ఆమె "చుప్" అంది. మొదటిసారి ఆమె అద్దాలు సర్దుకుని తెర వైపు వంగింది. షాపులో అరుపులకు పక్కనున్న బట్టల కొట్టువాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పన్నెండు. పహిల్వాను లోపల ఉన్నాడు. ఎలుగుకు పానం చిటికెన వేలంత. పహిల్వానుకు అంతకంటే వెంట్రుకవాసి తక్కువ. పసుపు గీత అంచు దాకా నిండింది. ఎలుగు దెబ్బ తిని తూలుతోంది. ఎవరు కొట్టినా పడుతుంది.

"కొట్టు బావా, నీదే!" అన్నాడు ఉపేందర్.

భూపాల్ వేలు బటన్ మీదికి పోయి ఆగింది. "నేనెన్నడన్న వాడిన్నా? నువ్వు రా బావా, పెద్ద దెబ్బ నువ్వు కొట్టు."

"అయ్యో వద్దు బావా, నింపింది నువ్వు. ఇన్నొద్దులు నేను ఊరికే ఊడ్సిన."

"ఊడిస్తే ఏమాయె, మనిద్దరిది కాదా? రా, నొక్కు."

"లే లే, నువ్వు పెద్దోనివి. నువ్వే కొట్టాలె."

"నా మాట కాదంటవా బావా?"

"నా మాట నువ్వు కాదనొచ్చునా బావా?"

గీత వెనక సంధ్యారాణి రెండు చేతులతో నోరు మూసుకుంది. షిరీన్ ఆమె వైపు కన్నెర్ర చేసి చూసింది. ఐదు. నాలుగు. సాబిర్ తన కప్పు తనే పోగొట్టుకుంటున్నట్టు జుట్టు పీక్కున్నాడు. ఎలుగు తూలడం ఆపి తల విదిలించింది, కానీ కొట్టలేదు. ఫక్రున్నీసా రిమోటు ఒళ్లో పెట్టేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పెళ్లి పందిట్లో పోట్లాట చూసినట్టు బావల మర్యాదలు చూస్తోంది. రెండు. ఒకటి.

సున్నా పడింది. తెర మీద ఎలుగు చేతులు పైకెత్తి గంతులు వేసింది.

ముందు ఖదీర్ నవ్వాడు, తస్లీమా నవ్వింది, నస్పూర్ అత్త కూడా నవ్వింది. సాబిర్ జేబులోంచి ప్లగ్గు తీసి కూలర్ పెట్టాడు. చల్లగాలి మొట్టమొదట ఫక్రున్నీసా మీదికి వచ్చింది. ఆమె సంధ్యారాణిని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుని, గాలి ఇద్దరికీ తగిలేలా కూలర్‌ను కాస్త తిప్పించి, డబ్బాలోంచి ఒక ఆకు తీసి ఇచ్చింది.

"మేరే ఘర్ మే భీ దో హై ఐసే" అంది, కొడుకు వైపూ కోడలు వైపూ గడ్డం చూపిస్తూ. తన ఇంట్లో కూడా ఇలాంటి జంట ఉందని.

బావలిద్దరూ బయట బండ్ల దగ్గర ఉన్నారు.

"నువ్వు కొడితే అయిపోవు కద!"

"నువ్వు రమ్మంటే రాకపోతివి!"

"రాంగనే కొట్టేటందుకు టైమేది? పన్నెండు మీద పిలిస్తే..."

"పన్నెండు కాదు, పదమూడు. నీకు లెక్కలు కూడ రావు బావా."

బండ్లు స్టార్టు చేశారు. పక్కపక్కనే నడుపుతూ, వెనక హారన్లు కొడుతున్న ఆటోలను పట్టించుకోకుండా, చౌరస్తా దాటేదాకా అదే. సంధ్యారాణి స్కూటీ మీద వెనకే వచ్చింది. మార్కండేయ కాలనీ మలుపు వచ్చింది. ఉపేందర్ మాట ఆపకుండానే తన ఇంటి వైపు తిరిగాడు. వాదన సగంలో ఉంది కాబట్టి భూపాల్ కూడా తిరిగాడు. ఆమె స్కూటీ వేగం తగ్గించింది. ఎక్కడ గుర్తొచ్చి వెనక్కి తిప్పుతాడోనని హారన్ కూడా కొట్టలేదు.

ఉపేందర్ గేటు తీశాడు. భూపాల్ బండి స్టాండు వేసి, "అసలు మొదటి ఆటల నువ్వు చేసింది చెప్పాల్నా?" అంటూ చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. గుమ్మంలో జమున నోరు తెరిచి నిలబడిపోయింది. సంధ్యారాణి వేలు పెదవుల మీద పెట్టి సైగ చేసింది. జమున వంటింట్లోకి పరుగెత్తి చాయ్ పెట్టింది.

సగం చాయ్ తాగాక భూపాల్‌కు తెలిసింది, తాను ఎక్కడ కూర్చున్నాడో. గ్లాసు కింద పెట్టాడు. పైకప్పు చూశాడు. గోడలు చూశాడు. తలుపుల చెక్క చూశాడు. ఉపేందర్ మాట మధ్యలో ఆగి బావ ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. వంటింటి గుమ్మం పక్క నుంచి ఆడవాళ్లిద్దరూ తొంగి చూశారు.

"ఇల్లు మంచిగనే కట్టినవ్ బావా" అన్నాడు భూపాల్ చివరికి. "గానీ పైకి మెట్లు గంత ఇరుకు ఎవడు పెట్టమన్నడు? రేపు మంచం ఎక్కియ్యాలంటే ఎట్ల?"

"ఇరుకేంది బావా! రెండు మంచాలు ఎక్కినయి!"

"ఏ మంచాలు? నవారువా? దివాను ఎక్కిచ్చి చూపియ్యి."

"పా, ఇప్పుడే ఎక్కిద్దాం. నువ్వు ఆ కొస పట్టు."

హాల్లో దివాను జరిపిన చప్పుడైంది. జమున వెళ్లి ఆపబోయింది. సంధ్యారాణి ఆమె చెయ్యి పట్టి ఆపి, ఇంకో గ్లాసు చాయ్ పోయమంది.